ఖాళీ సీసా చూపించి తెచ్చుకున్న కంటిచుక్కలు

తన కూతురి సీమంతం నాడు పద్మ నాకు బొట్టు పెట్టలేదు. పద్మ నా తోడికోడలు, మా మరిది భార్య. ముక్తేశ్వరంలో మా రెండిళ్ళూ ఒకే వీధిలో ఉంటాయి. ఆ రోజు వరసగా కూర్చున్న ఆడవాళ్ళందరికీ గంధం రాసి, బొట్టు పెట్టుకుంటూ వచ్చి, నన్ను దాటేసి పక్కావిడ దగ్గరకు వెళ్ళిపోయింది. నేను పెద్ద తోడికోడలిని. శనగల పొట్లం ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆ మధ్యలో వాళ్ళింట్లో పుట్టిన పాపను చూడటానికి కూడా వెళ్ళలేదు. పట్టుకున్నది నేను అంత తొందరగా వదలను.

నా జబ్బు మొదటిసారి బయటపడింది ఆ రోజేనని అప్పటికి నాకు తెలియదు.

అంతకు ఏడాది ముందు కళ్ళకలక వస్తే అమలాపురంలో కంటి డాక్టరు గారు చుక్కలు రాశారు. స్టెరాయిడ్, యాంటీబయాటిక్ రెండూ కలిసిన మందు. రెండు రోజుల్లో ఎరుపు పోయింది. మా ఇంటి వెనక షెడ్డులో కొబ్బరికాయలు వలుస్తారు. ఆ పీచు దుమ్ముకి నా కళ్ళు ఎప్పుడూ దురదే, ఎడమకన్ను మరీను. ఇక దురద పుట్టినప్పుడల్లా అవే చుక్కలు. సీసా అయిపోతే ఖాళీది పట్టుకెళ్ళి మందుల షాపులో చూపిస్తే ఇంకొకటి ఇచ్చేవారు. చీటీ ఏదని ఒక్కసారీ అడగలేదు. చీటీ చూపించాలని నాకూ తోచలేదు.

సీమంతం తరవాత నుంచి ఎడమ భుజం గుమ్మానికి తగలడం మొదలైంది. ఒకనాడు సందులోంచి వస్తుంటే చేపలమ్మే ఆయన మోపెడ్ నన్ను రాసుకుంటూ ఆగింది.

"ఎక్కడినుంచి ఊడిపడ్డావయ్యా?" అన్నాను.

"ఎక్కడినుంచీ లేదండీ. సందు మొదట్నించీ మీ పక్కనే వస్తన్నాను."

"నీ బండికి కళ్ళు లేవా?"

"బండికి లేవండీ. నాకున్నాయి కాబట్టే ఆగేను."

ఆ మాట మనసులో పెట్టుకుని నెలరోజులు అతని దగ్గర చేపలు కొనలేదు.

కళ్ళజోడు మార్చుకోవాలేమోనని మళ్ళీ అమలాపురం వెళ్ళాను. డాక్టరు గారు కళ్ళు పరీక్ష చేసి, "ఎడమకంట్లో ప్రెషర్ ముప్ఫై ఎనిమిది ఉందమ్మా. ఇరవై ఒకటి దాటకూడదు" అన్నారు.

"నాకు బీపీ లేదండి."

"బీపీ కాదు. కంటి లోపలి ప్రెషర్. చుక్కలేమైనా వాడుతున్నారా?"

సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. చూసి, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"ఏడాదిన్నర అవుతోంది. మీరు రాసినవేనండి."

చూపు ఎంతమేర ఆనుతోందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేయించుకు రమ్మన్నారు. ఒక గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ, లైటు చుక్క కనపడినప్పుడల్లా మీట నొక్కాలి. కుడికంటికి బాగానే నొక్కాను. ఎడమకంటికి ఎంతసేపు చూసినా చుక్క రాదు.

"మిషను పాడైంది. లైట్లు రావడం లేదు" అన్నాను టెక్నీషియన్ అమ్మాయితో.

"వస్తన్నాయండీ. మీరే నొక్కట్లేదు."

"రానిదానికి ఎలా నొక్కుతాను? మిషను బాగాలేదని రాసుకో."

"రాసేదంతా మిషనే రాస్తాదండీ" అంది.

రాసింది. కాగితం మీద కుడికన్ను దాదాపు తెల్లగా ఉంది. ఎడమకన్ను నడుమ కొంచెం తప్పితే చుట్టూ నలుపే.

"స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడితే కొందరికి కంటి ప్రెషర్ పెరుగుతుంది. నొప్పి ఉండదు. పక్కచూపు పోతున్నా తెలియదు. మీకు ఆప్టిక్ నర్వ్, అంటే కంటి నరం, దెబ్బతింది. దీన్ని గ్లకోమా అంటారు. పోయింది తిరిగి రాదమ్మా, ఉన్నది నిలబెట్టుకుందాం" అన్నారు. ఆ చుక్కలు ఆపించి, దురదకు స్టెరాయిడ్ లేనివి, ప్రెషర్ తగ్గడానికి వేరే చుక్కలు రాశారు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. చుక్కలు రాసిన మనిషే కన్ను పోయిందంటే ఊరుకోవాలా? నేను ఏ కాగితమూ పారేయను. పాత చీటీ వెతికి, ఫిర్యాదు రాసి, రెండూ పట్టుకుని వారం తరవాత ఆయన ముందు కూర్చున్నాను. ఆయన చీటీ చదివారు.

"ఏడు రోజులు వేసి మళ్ళీ రమ్మని ఉందమ్మా."

"ఇంగ్లీషులో మీరు మీకోసం రాసుకుంటే నాకెలా తెలుస్తుందండి?"

ఆయన చీటీ బల్లమీద పెట్టారు. "నిజమే. ఏడు రోజులని రాశాను గానీ, ఆపకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. తప్పే."

నా జీవితంలో ఎవరూ నాతో అంత తొందరగా ఆ మాట అనలేదు. ఫిర్యాదు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బస్సులో ఇంటికొస్తుంటే ఎడమకంటికి పక్కచూపు లేదన్న మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది. దిగి నేరుగా పద్మ ఇంటికి వెళ్ళాను. పాపను ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"సీమంతం నాడు నువ్వు ఎటుపక్క నిలబడ్డావే?" అన్నాను.

"నాలుగు నెలలకి వచ్చి అడిగేది ఇదా అక్కా? మీ ఎడమపక్కన. భరిణె పట్టుకుని ఎంతసేపు నుంచున్నానో. సన్నాయి మోతలో పిలిచినా మీకు వినపడలేదు. మొహం కుడివైపే పెట్టుకున్నారు. నా చేత బొట్టు పెట్టించుకోవడం ఇష్టం లేదేమో అనుకున్నాను. ఏడుపొచ్చి వెళ్ళిపోయేను."

నల్ల కాగితం తీసి తనకు చూపించాను.

తరవాత అంతా సాఫీగా జరగలేదు. రెండో నెలలో కాయల దుమ్ముకి దురద తిరగబెట్టింది. బీరువాలో పాత చుక్కలు ఒక సీసా మిగిలితే, ఎవరికీ చెప్పకుండా పదిరోజులు వేసుకున్నాను. పద్దెనిమిదికి దిగిన ప్రెషర్ ఇరవై ఎనిమిదికి ఎక్కింది. "కన్ను నాదా, మీదా అమ్మా?" అన్నారు డాక్టరు గారు. ఆ మాట నేను మరిచిపోలేదు, కానీ ఆయనదే న్యాయం. సంగతి తెలిసి పద్మ వచ్చి, ఆ సీసా మా ఇంట్లోంచి పట్టుకుపోయింది. ఆ రోజు నుంచి పొద్దున్నా సాయంత్రమూ తనే వచ్చి ప్రెషర్ చుక్కలు వేస్తుంది, మందు ముక్కులోకి జారకుండా కంటి కొనను వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటుంది. "కదిలేరంటే మళ్ళీ వేస్తాను" అని బెదిరిస్తుంది. ఏడు నెలలు దాటింది. ప్రెషర్ పదహారు దగ్గర నిలిచింది, కుడికన్ను చెక్కుచెదరలేదు. డాక్టరు గారికి, పద్మకి నేను రుణపడి ఉన్నాను. చేపలాయన దగ్గర మళ్ళీ కొంటున్నాను. మందుల షాపు మీద మాత్రం కోపం పోలేదు.

మొన్న పాప మొదటి పుట్టినరోజు పేరంటంలో పద్మ భరిణె పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి నిలబడింది. "అక్కా, కుడిపక్కన ఉన్నాను. తర్వాత పెట్టలేదనకండి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే. చుక్కలు అయిపోతే ఖాళీ సీసా మందుల షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి. ఎప్పుడు ఆపాలో అడిగి, మీకొచ్చిన భాషలో అట్టపెట్టె మీద రాయించుకోండి. రాసి ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. మొండితనం అక్కడ పనికొస్తుంది.