పదిహేడున్నర మిల్లీలీటర్ల తప్పు

మా బావగారి ముందు ఎవరినీ తిట్టడానికి వీల్లేదు. అసలు తిట్టకూడదని కాదు; తప్పులో ఎవరి వాటా ఎంతో తేలాకే తిట్టాలి.

ఆయన కాలేజీలో లెక్కల మేస్టారు. టోటల్ డిఫరెన్షియల్ పాఠం పిల్లలకి చెప్పి ఊరుకుంటే బాగుండేది; ఇంటికి కూడా మోసుకొచ్చారు. "ఫలితం మూడింటి మీద ఆధారపడిందనుకో. రెండింటిని కదలకుండా పట్టుకుని ఒక్కదాన్ని కొంచెం కదుపు. అలా ఒక్కొక్కదాని వాటా తేల్చి, అన్నీ కూడు." ఓసారి టీ బాగాలేదన్న పాపానికి, పాలు మార్చి ఒకటి, పంచదార మార్చి ఒకటి, పొడి మార్చి ఒకటి తాగించారు.

"నోరు మూసుకుని తాగలేకపోయావురా?" అని మా అక్క నన్నే కసిరింది.

కుట్టించి నెలైనా కాని ప్యాంటు రెండంగుళాలు బిగుతైందని నేను దర్జీ మీద ఎగిరితే, బావగారు టేపు లాక్కున్నారు.

"దర్జీగారి వాటా పావంగుళం. ఉతుకులో పోయింది పావంగుళం."

"మిగతా అంగుళన్నర?"

"పొట్ట బిగబట్టకుండా నిలబడు, చూపిస్తా."

దుకాణమంతా నవ్వింది.

నేను రేకు డబ్బాల ఫ్యాక్టరీలో మేనేజర్ని. అరలీటరు డబ్బాల్లో పదిహేడున్నర మిల్లీలీటర్లు తక్కువ పడుతోందని సరుకంతా వెనక్కొచ్చింది. రేకు కోసే ఆవిడదే తప్పని తేల్చేశాను. పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఉద్యోగంలోంచి తీసేసే ఉత్తరం మీద సంతకం పెట్టబోతుంటే, అక్క పంపిన క్యారేజీతో బావగారు ఊడిపడ్డారు.

"పెన్ను మూయి. కొలిచావా?"

"ఎత్తు మిల్లీమీటరు తగ్గింది బావా. ఇంకేం కొలవాలి?"

"అడ్డం?"

"అది కంటికి కూడా ఆనదు!"

ఆయన కిటికీ దగ్గర నిలబడి నలభై డబ్బాలు కొలిచారు. నా అన్నం చల్లారింది. యజమాని రెండుసార్లు ఫోన్ చేశాడు. బావగారు కదిలితేగా! చివరికి తలుపు వేసి, గొంతు తగ్గించారు.

"అడ్డం మిల్లీమీటరు తగ్గింది, ఎత్తు మిల్లీమీటరు తగ్గింది. ఎత్తు వల్ల పోయింది అయిదు మిల్లీలీటర్లు. అది ఆవిడది. అడ్డం వల్ల పోయింది పన్నెండున్నర. రేకు గుండ్రంగా చుట్టే కొత్త అచ్చు ఎవరు వేయించారు?"

నేనే. పోయిన నెల, అందరూ వద్దంటున్నా పట్టుబట్టి మరీ.

"యజమానికి చెప్తారా?"

"నేనెందుకు చెప్తాను? తలుపు అందుకేగా వేసింది. నువ్వే చెప్పుకో."

ఇన్నాళ్లూ ఆయనది లెక్కల పిచ్చనుకున్నాం. ఎవరి నెత్తినా వాళ్ల వాటాకి మించి పడకూడదన్న పిచ్చి అని అప్పుడు తెలిసింది.

ఉత్తరం చింపాను. యజమాని దగ్గర నా పన్నెండున్నరకీ చీవాట్లు తిన్నాను.

"మరి ఆవిడ అయిదూ?" అని బయటికొచ్చి బావగారినడిగాను.

"అయిదుకి సరిపడా తిట్టు. చుక్క ఎక్కువైతే ఊరుకోను."

కోత మిషను దగ్గరికెళ్లి, "ఎత్తు ఒక్క మిల్లీమీటరు చూసుకోండమ్మా," అన్నాను.

"అలాగే సార్. మిగతా తప్పు ఎవరిదంట?"

వెనక బావగారు దగ్గారు.

"నాదేనమ్మా."

ఉత్తరం సంగతి షెడ్డంతా పాకినట్టుంది. ఆవిడ మిషను ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "అయ్యో! మరి మిమ్మల్ని ఉంచుతున్నారా సార్?" అంది.