సిరంజి మీది చుక్కలు

కరీంనగర్‌లోని స్కానింగ్ సెంటర్‌లో వినోద టెక్నీషియన్. మందెక్కించే మిషన్‌కు కొత్త సిరంజి బిగించే ముందు ప్యాకెట్ తిప్పి, అది ఏ దేశంలో తయారైందో చూస్తుంది. భర్త అంజి షార్జాలో ఇలాంటి సిరంజిలే పోతపోసే కంపెనీలో పనిచేస్తున్నాడు మరి. ఇంతవరకు ఆ దేశం పేరు ఒక్కసారీ కనబడలేదు.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా, పాతదా?" అని స్కాన్ కోసం బల్లమీద పడుకున్న బాలవ్వ అడిగింది.

"కాదవ్వా. మా ఆయన చేసిందేమోనని."

"గట్లయితే నీ పేరు రాసి పంపుమనకపోయినవ్!"

వినోద నవ్వి సిరంజిలోకి మందు లాగింది. దాని ఒంటిమీద అచ్చుపోసిన సన్నటి కోల చుక్కలు, మందు నిండగానే గుండ్రంగా కనిపించాయి. "సుక్కలు సన్నగనే ఉంటే లోపట గాలున్నట్టు. జర మంచిగ సూడు" అని అంజి ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పాడో!

"మందు ఎక్కంగనే ఒళ్లంత ఎచ్చగైతది, భయపడకు" అని చెప్పి, అద్దం వెనక్కి వెళ్లి బటన్ నొక్కింది.

స్కాన్ అయ్యాక బాలవ్వ లేచి కూర్చుంది. "నిజమే బిడ్డా. ఎవలో దగ్గరికి తీసుకున్నట్టే ఉండె."

వినోద తర్వాతి పేషెంటు కోసం ఇంకో ప్యాకెట్ తీసి, గడువు తేదీ మాత్రం చూసుకుంది. దేశం పేరున్న వైపు తిప్పకుండానే చించి, సిరంజి తీసుకుని కవరు పారేసింది. చూడకపోతే, ఇది అంజి చేసిందే కావచ్చు.