వెనుక సీటు మీద యాదవ్వ

దయాకర్‌రావు మోటారు సైకిలు వెనుక సీటు మీద ఎవరూ కూర్చోకూడదు. అక్కడ యాదవ్వ కూర్చుని ఉంటుంది. ఆమె ఆయనకు తప్ప మరెవరికీ కనిపించదన్నది ఒక చిన్న ఇబ్బంది మాత్రమే. దాన్ని ఆయన ఎన్నడూ పెద్దగా పట్టించుకోలేదు. సీటు మీద మడతలు వేసిన నల్ల గొంగడి పరిచి, బండి కదిలించే ముందు తల వెనక్కి తిప్పి, "కూసున్నవా అవ్వా? మంచిగ పట్టుకో" అనేవాడు. జవాబు కోసం కాసేపు ఆగేవాడు. ఆ తర్వాతే గేరు వేసేవాడు.

జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టి, పటాలంలో చేరి, హిమాలయాల మీద రోడ్లు వేసే పనిలో నడివయసు దాటించి, పింఛనుతో ఇల్లు చేరిన మనిషి ఆయన. మనాలీ నుంచి లేహ్ పోయే దారి మామూలు జనానికి తెరిచారని విన్నప్పటి నుంచి, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో బుల్లెట్ బండ్లున్న యువకులను పోగుచేసి, కాజీపేటలో బండ్లను రైలెక్కించి, ఆ కొండ కనుమలు దాటించి తీసుకురావడం ఏటేటా ఒక వ్రతంలా పెట్టుకున్నాడు. ఆ దారిలో ఆయనకు తెలియని మలుపు లేదు. ఆయన మీద నమ్మకం లేని ఇల్లూ లేదు. అందరినీ జంకించేది యాదవ్వ ఒక్కతే.

ఎందుకంటే యాదవ్వ ఊరికే కూర్చునే మనిషి కాదు. ప్రతి కనుమ దగ్గరా బండ్లు ఆపించి, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ ఆరా తీస్తుంది. ఆమె ప్రశ్నలు దయాకర్‌రావు నోట వస్తాయి. జవాబులు ఆమెకు నచ్చితే ముందుకు; నచ్చకపోతే వెనక్కి.

తొంభై రెండులో ఆయన వెంట బయలుదేరినవారు ముగ్గురు. కాగజ్‌నగర్‌లో గుమాస్తాగా ఉన్న కొండల్, నోరు మూతపడని మనిషి. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే పర్శరాములు, మేనమామ బండి అడిగి తెచ్చుకున్నాడు. మూడోవాడు ఆదిలాబాద్‌లో పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు యజమాని చిన్న కొడుకు జైపాల్‌రావు.

జైపాల్‌రావుకు ఆ ప్రయాణం సరదా కాదు. నాగపూర్ చదువు సగంలో వదిలాడు. పోలీసు ఉద్యోగానికి పోయి పరుగు సగంలో కూలబడ్డాడు. ఇంటి వెనుక తవ్వించిన బావి కూడా సగంలో ఆగింది. దాంతో అన్న లక్ష్మణ్‌రావు అతనికి "సగం" అని పేరు పెట్టాడు. ఆ పేరు మిల్లు దాటి బజారుకు పోయింది. పెళ్లయ్యాక భార్య సరళాదేవి చెవికీ చేరింది.

"నువ్వు మన జిల్లాల మెహబూబ్ ఘాట్ దాటుడే గొప్పరా" అన్నాడు అన్న, హమాలీలందరూ వింటుండగా.

"నాలుగు కనుమలు దాటి వస్తనన్నా. ఒక్కటి తక్కువైనా నువ్వు పెట్టిన పేరే ఉండనీ, చచ్చేదాక" అన్నాడు జైపాల్‌రావు.

మొదటి కనుమ రోహ్‌తాంగ్ పేరుకు శవాల కుప్ప అని అర్థం చెబుతారని దయాకర్‌రావు కింద టీ తాగేటప్పుడే చల్లగా చెప్పాడు. పైకి చేరేసరికి పొగమంచు కమ్మింది. ముందుపోయే బండి ఎర్రదీపం కూడా కంటికి ఆనలేదు. ఇంజన్లు ఆగాక ఎక్కడో నీరు కారుతున్న చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ఆ తెల్లని చీకట్లోంచి దయాకర్‌రావు గొంతు వచ్చింది.

"దిగుండ్రి. యాదవ్వ మాట్లాడుతదట. పర్శరాములూ, ఏ ఊరు బిడ్డా అని అడుగుతున్నది."

పర్శరాములు ఖాళీ గొంగడి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "సిరిసిల్ల అవ్వా."

"ఎవలి కొడుకువట?"

"అంతయ్య కొడుకును."

"పొద్దుగాల్ల ఏం తిన్నవట?"

"రొట్టె. ఆలుగడ్డ కూర."

"ఉప్పు సరిపోయిందా అంటున్నది."

"జర ఎక్కువైంది."

దయాకర్‌రావు చెవి వెనక్కి ఒంచి విని, "నిన్ను పోనియ్యమంటున్నది" అని తీర్పు చెప్పాడు.

జైపాల్‌రావు జవాబులు కూడా ఆమెకు నచ్చాయి. ఇక కొండల్ వంతు వచ్చింది. "నేను ఢిల్లీ బాద్షా కొడుకునని చెప్పు సార్. పొద్దుగాల్ల నెమలి కూర తిన్న."

దయాకర్‌రావు నవ్వలేదు. అతని బండి తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. "ముసలామెకు పరాచకాలు నచ్చయి. గా రాయి మీద కూసొని మళ్ల చెప్పు."

కొండల్ మొదట నవ్వాడు. పొగమంచు ఇంకా చిక్కబడి, తన మోకాళ్లు తనకే కనిపించకుండా పోయాక, ఖాళీలోకి చూస్తూ గట్టిగా చెప్పుకున్నాడు: "అవ్వా, నేను భూమవ్వ కొడుకును. కాగజ్‌నగర్. ఉప్మా తిన్న. ఉత్త ఉప్మానే తిన్న."

ఆనాటి నుంచి యాదవ్వకు కొండల్‌ను మించిన భక్తుడు లేడు. ఆగిన ప్రతిచోటా గొంగడి పక్కన ఒక టీ గ్లాసు పెట్టేవాడు. ఒకచోట తిరిగి వచ్చి చూస్తే గ్లాసు ఖాళీగా ఉంది. గాలికి ఒలికిందని పర్శరాములు అన్నాడు గానీ గొంగడి తడవలేదు. ఇంకొక చోట సన్నగా మంచు కురిసింది. బండ్ల సీట్లన్నీ తెల్లబడ్డాయి, గొంగడి ఒక్కటే నల్లగా మిగిలింది. దయాకర్‌రావు దులిపి ఉంటాడని జైపాల్‌రావు తనకు తాను చెప్పుకున్నాడు. దయాకర్‌రావు అప్పటికి డేరాలో గురక పెడుతున్నాడన్నది గుర్తు చేసుకోదలచలేదు.

"చచ్చినోళ్లను గిట్ల ఎంట తిప్పుకుంటే మంచిదా కాకా?" అని ఒకసారి జైపాల్‌రావు అడిగాడు.

"నీకేం అడ్డమొచ్చింది? నీ బండి మీద కూసున్నదా?" అన్నాడు దయాకర్‌రావు.

రెండో కనుమ బారాలాచా కింద మకాం వేసిన సాయంత్రం జైపాల్‌రావు తల పగిలిపోతున్నట్లు నొచ్చింది. ముద్ద నోట పెట్టలేకపోయాడు. డేరా వెనక్కి పోయి అన్నం పారబోసి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"తలకాయ నొస్తున్నదారా?" అని దయాకర్‌రావు అడిగాడు.

"నాకా? లేదు కాకా. జబర్దస్త్‌గున్న."

ఇంకా రెండో కనుమ కూడా ఎక్కలేదు. అన్న ముఖం, ఆ చిన్న నవ్వు, హమాలీలు మూతికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం అన్నీ అతనికి కళ్లముందు కనిపించాయి. ఇక్కడ వెనక్కి తిరిగితే ఆ పేరు తన పిల్లలకు కూడా అంటుకుంటుంది.

మరునాడు కనుమ దాపులో ఒక చెరువు వచ్చింది. గట్ల మీద మంచు, నడుమ నల్లటి నీళ్లు. మీద పిట్ట కూడా లేదు. అక్కడే జైపాల్‌రావుకు జిన్నింగ్ మిషన్ల మోత వినిపించడం మొదలైంది. మొదట సన్నగా, తర్వాత తమ మిల్లు పెరట్లో నిలబడితే వినిపించేంత స్పష్టంగా. చూస్తే గట్ల నిండా పత్తి. కుప్పలు కుప్పలుగా ఆరబోసిన తెల్లని పత్తి, పైన కమ్ముకొస్తున్న మబ్బు. ఒక్క తాడిపత్రి పట్టా కూడా కప్పలేదు. ఎవరికీ పట్టింపు లేదు. అతను బండిని రోడ్డు మీదే వదిలి నీళ్ల వైపు నడిచాడు.

"అరె, యాడికి?" అని పర్శరాములు పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇడువు. పత్తి తడుస్తది."

కొండల్ నవ్వబోయి ఆగిపోయాడు. దయాకర్‌రావు బండి దిగి, తొందరపడకుండా వచ్చి, అతని ఎదుట నిలబడ్డాడు.

"యాదవ్వ అడుగుతున్నది. ఏ ఊరు బిడ్డా?"

"ఆదిలాబాద్."

"పెండ్లాం పేరేందట?"

"జానకీబాయి" అన్నాడు జైపాల్‌రావు ఏమాత్రం తడబడకుండా. అది అతని తల్లి పేరు.

"పొద్దుగాల్ల ఏం తిన్నవట?"

జైపాల్‌రావుకు ఆ ప్రశ్న విసుగు పుట్టించింది. "నన్నెందుకు అడుగుతవ్ కాకా? ఆమెనే అడుగరాదు? నీ బండి మీద యాడున్నది? దిగింది. అగో, నీళ్ల ఒడ్డుకు కూసొని చాటల బియ్యం ఏరుతున్నది."

ముగ్గురూ నీళ్ల వైపు చూశారు. ఒడ్డున మంచు తప్ప ఏమీ లేదు. అయినా దయాకర్‌రావు అందరికన్నా ఎక్కువసేపు అటే చూశాడు. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోవడం కొండల్ గమనించాడు.

"అందరం కిందికి దిగాలె" అన్నాడు దయాకర్‌రావు.

"నేను రాను" అన్నాడు జైపాల్‌రావు. మాట ముద్దగా వచ్చినా పట్టు మాత్రం సడలలేదు. "సగంల తిరుగ. నన్ను చంపి తీసుకపో."

బతిమాలడానికి గానీ కోప్పడడానికి గానీ సమయం లేదు. దయాకర్‌రావు గొంతు తగ్గించి, ఇంటి గుట్టు చెబుతున్నట్లు అతని చెవి దగ్గరికి వంగాడు. "నీ గురించి ఎవలన్నరు? యాదవ్వకు మోకాళ్లు పట్టుకున్నయిరా చలికి. దిగుతనంటున్నది. ఒక్కతి దిగలేదాయె. నిన్నే తోడు రమ్మంటున్నది."

"నన్నా?"

"కొండల్ మీద నమ్మకం లేదట. ముసలిదాన్ని గీ మంచుల ఇడిచిపెట్టి పోతవా మరి?"

జైపాల్‌రావు నీళ్ల ఒడ్డుకేసి, మళ్లీ దయాకర్‌రావు ముఖంలోకి చూశాడు. అతన్ని నమ్మి పని అప్పజెప్పినవారు అంతకుముందు ఎవరూ లేరు. చివరికి, "నేను పట్టుకుంట. నువ్వు పైలంగ నడుపు" అన్నాడు.

అలా ఎవరూ కూర్చోకూడని సీటు మీద అతన్ని కూర్చోబెట్టి, గొంగడి కప్పి, తలపాగ గుడ్డతో తన నడుముకు కట్టుకుని దయాకర్‌రావు వెనుదిరిగాడు. దారి పొడుగునా జైపాల్‌రావు ఎవరికో ధైర్యం చెబుతూనే ఉన్నాడు: "ఇగ దగ్గరికొచ్చినం అవ్వా. ఫికర్ చెయ్యకు." వెనుక వస్తున్న పర్శరాములు తర్వాత ప్రమాణం చేసి చెప్పాడు, ఆ బండి వెనుక చక్రం ఇద్దరు మనుషుల బరువుకు మించి కుంగిందని.

కింద కేలాంగ్ ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టిన డాక్టరు, గాలి పలచబడి మెదడుకు వాపు వచ్చిందనీ, ఇంకొంచెం పైకి పోయి ఉంటే మనిషి దక్కేవాడు కాడనీ చెప్పాడు. జైపాల్‌రావు లేచి కూర్చుని భార్య పేరు సరిగ్గా చెప్పాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పైన వదిలిన అతని బండిని లారీ మీద దింపించారు. ఆ ఏటి యాత్ర అక్కడితో ముగిసింది.

ఆదిలాబాద్ చేరేసరికి లక్ష్మణ్‌రావు మిల్లు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఏమాయెరా? ఎన్ని దాటినవ్?"

జైపాల్‌రావు నోరు తెరిచేలోగా దయాకర్‌రావు అందుకున్నాడు. "నన్నడుగు పటేలా. యాదవ్వకు మోకాళ్ల నొప్పులొచ్చినయి, నేనే అందర్ని మలుపుకొచ్చిన. నీ తమ్ముడైతే రానంటే రానన్నడు. గుంజుకొచ్చిన."

"యాదవ్వ ఎవలు?"

"నా బండి వెనుక కూసుంటది. కనవడది."

లక్ష్మణ్‌రావు ఆయనను పైనుంచి కిందికి చూశాడు. హమాలీలు విరగబడి నవ్వారు. ఆ సాయంత్రానికి బజారంతా కనిపించని ముసలిదాని మోకాళ్ల కోసం హిమాలయాల నుంచి వెనక్కి వచ్చిన పిచ్చిదొర కథే. "సగం" అన్న మాట ఎవరి నోటా రాలేదు. మరుసటి ఏడు యాత్రకు పేరు ఇచ్చినవాళ్లు కూడా ఒక్కొక్కరే మానుకున్నారు.

జైపాల్‌రావు ఆ నవ్వులను వానాకాలమంతా విన్నాడు. దసరా దాటాక ఒక పొద్దున, బస్సు కూడా ఎక్కకుండా, బుల్లెట్ మీదే దయాకర్‌రావు ఊరు చేరాడు. ఇల్లు ఎవరినీ అడగనవసరం లేకపోయింది. గడప పక్కనే ఆ బండి ఉంది. గడప మీద ఒక ముసలామె చాటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. అలికిడికి తలెత్తింది.

"ఏ ఊరు బిడ్డా? ఎవలి కొడుకువు? పొద్దుగాల్ల ఏం తిన్నవ్?"

జైపాల్‌రావు వెన్నులోంచి చలి పాకింది. ఎర్రటి ఎండ కాస్తోంది. లోపలి నుంచి దయాకర్‌రావు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"కాకా, గీమె..."

"యాదవ్వ. చిన్నప్పుడు నన్ను ఎత్తుకొని సాదింది. ఊళ్లెకు కొత్తోడు అడుగుపెట్టొద్దు, ఇట్లనే పానం తీస్తది."

"చచ్చిపోలేదా?"

"చచ్చిందని నేనెప్పుడన్న? వెనుక కూసున్నదన్న." దయాకర్‌రావు గొంతు తగ్గించాడు. "రోడ్డు పనుల కాడ శానమందిని చూసిన. తలకాయ నొస్తున్నదా అని అడిగితే మొగోడు ఎవడూ ఒప్పుకోడు. కిందికి దిగుమంటే ఇజ్జత్ పోతదంటడు. అవ్వ అడిగితే జవాబు చెప్తడు. అవ్వ దిగుదామంటే దిగుతడు. గంతే."

జైపాల్‌రావు తల దించుకున్నాడు. "అన్నకు నిన్న అంతా చెప్పిన కాకా. ఎనకకు తిరిగింది నా వల్లనేనని, పత్తి అనుకుంట నీళ్లల్లకు పోయినని. మిల్లు ముంగటనే, అందరు ఇనంగ."

"ఏమన్నడు?"

"చేతుల ఉన్న లెక్కల బుక్కు మూసిండు. తర్వాత కండ్లు తుడుసుకొని, మళ్ల పోతవా అని అడిగిండు. నా అసలు పేరుతోని అడిగిండు."

"అరె. పిచ్చిదొరని నా పేరు మంచిగ నడుస్తుండె, చెడగొడితివి" అని సణుగుతూ, ముఖంలోని సంతోషం కనబడకుండా దయాకర్‌రావు టీ తేవడానికి లోపలికి పోయాడు.

జైపాల్‌రావు గడప పక్కన అరుగు మీద కూర్చున్నాడు. జగిత్యాల దాటి ఎన్నడూ పోని ఆ ముసలామె చాట పక్కన పెట్టి, రెండు మోకాళ్లూ అరచేతులతో రుద్దుకుంటూ అతని వైపు వంగింది.

"గా మంచుల తిరిగినకాడి నుంచి గీ నొప్పులు ఇగ తగ్గుతలేవు బిడ్డా."

లోపల దయాకర్‌రావు గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇది ఆయన నేర్పిన మాటా, లేక ఈమె మాటేనా అన్న ప్రశ్న జైపాల్‌రావు నోటిదాకా వచ్చింది. కానీ ఆమె చూపు అతని మీది నుంచి కదలలేదు. మొదట అడిగిన ప్రశ్నలకు ఇంకా జవాబు రాలేదని ఆమెకు జ్ఞాపకం ఉంది.

అతను సర్దుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని, ఒక్కటీ వదలకుండా చెప్పడం మొదలుపెట్టాడు. ఆదిలాబాద్. జానకీబాయి కొడుకు. పొద్దున తిన్నది జొన్నరొట్టె. వంకాయ కూర. పచ్చి ఉల్లిగడ్డ. కూరలో ఉప్పు సరిపోయింది. వండింది సరళ, ఆమె తన భార్య.

యాదవ్వ అంతా విని, చాట మళ్లీ ఒడిలోకి లాక్కుంది.

"పోనియ్యిరా దయాకరా" అని లోపలికి కేకేసింది.