సెలామ్ కోసం నేను పెట్టిన పదహారు సంతకాలు

మేలు చేయబోయి మనిషిని నిండా ముంచడం ఎట్లాగో నేర్చుకోవాలంటే నా దగ్గరికి రండి. ఒక ఆడబిడ్డ మూడేండ్ల చదువును, ఆమె వీసాను, ఆమె మంచిపేరును ఒక్క నీలం పెన్నుతో ఎట్ల కాల్చి బూడిద చేయబోయినానో ఇప్పుడు చెప్పబోతాండా. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. కాకపోతే నవ్వేటప్పుడు నా మొహం వైపు చూడొద్దండి. ఇప్పటికీ సిగ్గు పోలేదు.

నాది జమ్మలమడుగు. పేరు సుజాత. అప్పట్లో ప్రొద్దుటూరు దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో మట్టి మీద పీహెచ్‌డీ చేస్తాంటిని. నాతోపాటు అదే గైడు కింద సెలామ్ అని ఇథియోపియా అమ్మాయి ఉండేది. ఆమె పని పులివెందుల పక్క చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో. మట్టి తవ్వడం, సంచికి కట్టడం, చీటీ అంటించడం, బస్సులో వేసుకొని రావడం. మూడేండ్లు ఆ రైతులతో మాట్లాడి మాట్లాడి తెలుగు కూడా నేర్చేసుకునింది. ఏ తెలుగనుకున్నారు? అచ్చం పులివెందుల తెలుగు! ఒకసారి కోస్తా నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు, "మీరు తెలుగు ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని ముచ్చటపడి అడిగితే, "యాడ నేర్చుకుంటా సార్, చేన్లోనే" అనింది.

మాకు రోజూ ఆఫీసులో సూపరింటెండెంట్ మస్తాన్ సార్ టేబుల్ మీద ఒక రిజిస్టరు ఉండేది. వారానికొక పేజీ, వచ్చిన వాళ్లు సంతకం పెట్టాల, పాత పేజీలు ఎవరూ తిప్పి చూడరు. మేం పెట్టినా, పెట్టకపోయినా ఆకాశమేం ఊడిపడేది కాదు. సెలామ్‌కి మాత్రం అట్ల కాదు. ఆమెది స్టూడెంట్ వీసా. ఊరు దాటాలంటే లీవు అర్జీ, దానిమీద గైడు మేడమ్ సంతకం. దేశం దాటాలంటే ఇంకొక కాగితం. ఏడాదికొకసారి వీసా పొడిగించుకునేటప్పుడు ఆమె హాజరు పేజీలన్నీ హైదరాబాదులో వీసా ఆఫీసుకు పోవాల. అందుకే ఆ పిల్ల పక్కూరికి పోయినా అర్జీ రాసేది. నేనైతే నవ్వేదాన్ని. "ఏం మే, బాత్‌రూముకు పోయేదానికి కూడా అర్జీ పెడ్తావా?"

ఇంక నా ఘనత గురించి రెండు ముక్కలు చెప్పుకోవాల. ఇంటర్ నుంచి నేను ప్రాక్సీలో ఆరితేరినదాన్ని. హాజరు పిలిచేటప్పుడు మూడు గొంతులతో "ప్రెజెంట్ సార్" అనేదాన్ని. అందులో ఒకటి జలుబు చేసిన గొంతు. డిగ్రీలో సంతకాలకు ఎదిగినా. మా దగ్గర స్నేహితురాలు రాకపోతే ఆమె హాజరు నువ్వే వేయాల, అది మర్యాద. వేయకపోతే మర్నాడు వచ్చి, "నీకు నేను ఆ మాత్రం కానిదాన్ని అయితిని గదా" అని మొహం తిప్పుకుంటారు. ఇది తప్పని మాకెవరూ చెప్పలేదు. చెప్పింటారేమో, ఆరోజు నేను క్లాసులో ఉండి ఉండను, నా హాజరు ఇంకెవరో వేసింటారు.

ఒకరోజు సెలామ్ ఫోను పట్టుకొని వచ్చింది. వాళ్లమ్మకు కంటి ఆపరేషను. "పద్దెనిమిది రోజులు లీవు పెట్టినా సుజాతా. మేడమ్ ఒప్పుకునింది. పోయొస్తా" అనింది. నేనేమో కౌగిలించుకొని పంపించినా. పంపించి, కూర్చొని, నా బుర్రతో లెక్క వేసినా. అది కదా అసలు పాపం! అయ్యో, పద్దెనిమిది రోజులా! ఈ పిల్ల హాజరు పడిపోతుంది, వీసా పొడిగించరు, మట్టి సంచులన్నీ ఈడ వదిలేసి ఏడ్చుకుంటా పోతుంది. నేను ఉండి కూడా ఇట్ల జరగనిస్తానా?

సెలామ్ సంతకం వాళ్ల భాషలో ఉంటుంది. ఆ అక్షరాలు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడిన మనుషుల్లాగ ఉంటాయి. రెండు పేజీలు దిద్దినా. మూడో పేజీకి వాళ్లమ్మ వచ్చినా గుర్తుపట్టలేదు. మస్తాన్ సార్ పదకొండుకు టీకి లేస్తాడు, అప్పుడు పోయి నాది ఒకటి, ఆమెది ఒకటి. రోజూ ఒకే తీరుగా ఉంటే అనుమానం వస్తుందని సోమవారం కొంచెం వాల్చి, శుక్రవారం కొంచెం అలసిపోయినట్టు పెట్టేదాన్ని. అదీ నా పనితనం! రెండు ఆదివారాలు పోను పదహారు సంతకాలు. నా పీహెచ్‌డీ మీద అంత శ్రద్ధ పెట్టింటే ఆ ఏడే అయిపోయేది.

సెలామ్ వచ్చింది. వాళ్లమ్మకు చూపు బాగైందని చెప్పి, వాళ్లింట్లో వేయించిన కాఫీ గింజలు నాకు తెచ్చిచ్చింది. నేను సంగతి చెప్పలేదు. చేసిన మేలు చెప్పుకుంటే బాగుండదని! గొప్పగా కాలు మీద కాలేసుకొని ఆ కాఫీ తాగినా.

నెల దాటినాక మస్తాన్ సార్ కబురు పంపినాడు. సెలామ్‌తో నేనూ పోయినా, ఊరికే తోడుగా.

"ఏంమ్మా, హైదరాబాదు నుంచి నీ వీసా కాగితాలు వెనక్కొచ్చినాయి" అన్నాడు. రిజిస్టరు తెరిచి మా ముందరికి తోసినాడు. "లీవు అర్జీ ఉంది. పాస్‌పోర్టులో నువ్వు పోయినట్టు, వచ్చినట్టు ముద్రలుండాయి. అవే రోజుల్లో ఈడ సంతకాలూ ఉండాయి. నువ్వు ఒకదానివా, ఇద్దరా?"

సెలామ్ రిజిస్టరు మీదికి వంగి చూసింది. "ఇవి నావి కాదు సార్."

"నీవి కాకపోతే ఎవరివమ్మా? ఈ అక్షరాలు ప్రొద్దుటూరులో నీకు తప్ప ఇంకెవరికి వస్తాయి? పైగా ఈ గడి చూడు, రెండో శనివారం. ఆఫీసుకే తాళం. కాగితాలు హైదరాబాదుకు పంపేటప్పుడు ఇది నా కండ్లకు ఎట్ల కనపడలేదో!"

నా గుండె జారి చెప్పుల్లో పడింది. ఆ సెలవు రోజు సంతకం సోమవారం వచ్చి తీరిగ్గా పెట్టినా, ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదని.

"నేను ఎవరితోనో పెట్టించినా అనుకుంటారా సార్?" అనింది సెలామ్.

"నేననుకోనమ్మా. వాళ్లనుకుంటారు. లీవూ తీసుకునింది, హాజరూ వేయించుకునింది, ఈడ మనల్నీ, ఆడ వీసా ఆఫీసునీ మోసం చేసిందని. పది రోజుల్లో జవాబియ్యాల. లేకుంటే పొడిగింపు లేదు, ఇంటికి పోవాల్సిందే."

సెలామ్ నా వైపు తిరిగింది. "సుజాతా, నువ్వు చెప్పు. ఆ రోజుల్లో నేను ఊర్లో లేను గదా!"

"అవును సార్, లేదు" అన్నా. అంతే అన్నా. మిగతా సగం నాలుక కొనదాకా వచ్చి ఆగిపోయింది. "నువ్వు ఒక్కదానివే నా మాట నమ్మినావు" అని ఆ పిల్ల నా చెయ్యి పట్టుకునింది చూడండి, ఆ చెయ్యి! పదహారు సంతకాలు పెట్టిన చెయ్యి అదే. మీరెవరైనా ఆ పక్కన ఉండి నన్ను ఒక్కటి పీకింటే బాగుండేది.

ఆ శనివారం జమ్మలమడుగుకు పోయినా. మా అమ్మ రాగిసంగటి, చెనక్కాయ ఊరుబిండి పచ్చడి పెట్టింది. ముద్ద కంచంలోనే వదిలేసి లేచినా. ఆదివారం చర్చీలో నా పక్కన కూర్చొని అమ్మ మెల్లగా, "ఏంది మే, మొహం అట్ల పెట్టుకున్యావు?" అనింది. బయటికి వచ్చినాక చెప్పేసినా. నా తెలివిని కొంచెం మెచ్చుకుంటుందేమో అని లోపల ఆశ కూడా ఉండింది, దాచడం దేనికి.

అమ్మ చర్చీ ముందర చెట్టు కింద ఆగి నా వైపు తిరిగింది. "ఆ తల్లి యాడో దూరాన కంటికి గుడ్డ కట్టుకొని, నా కూతురు బాగా చదువుకుంటాందిలే అని ధైర్యంగా ఉంటే, ఆ బిడ్డని నువ్వు దొంగను చేస్తివా? చేసి, దాని కాఫీ తాగితివా?"

"మేలు చేద్దామనే గదా అమ్మా..."

"దాన్ని అడిగితివా?"



సోమవారం మొదటి బస్సుకే పోయి, గైడు మేడమ్ గదిలో మస్తాన్ సార్, సెలామ్ ఉండంగానే చెప్పినా. "మేడమ్, ఆ సంతకాలు నావి."

మస్తాన్ సార్ నమ్మలేదు. "స్నేహితురాల్ని కాపాడాలని నెత్తినేసుకుంటాండావులే."

మంచిదాన్నని పేరు రావడం అంత ఘోరంగా ఎప్పుడూ ఉండలేదు. కాగితం తీసుకొని అందరి ముందర సంతకం పెట్టినా. సోమవారందొకటి, శుక్రవారందొకటి. మేడమ్ సెలామ్‌తో కూడా ఒకటి పెట్టించి పక్కపక్కన పెట్టి చూసింది. "నీదాని కంటే ఈమెదే బాగుంది కదమ్మా" అన్నాడు మస్తాన్ సార్, పాపం, ఉండబట్టలేక.

మేడమ్ నన్ను రిజిస్టరు దగ్గరికి తీసుకుపోయి, దాని పైన గోడకు అంటించిన కాగితం చూపించింది. "గట్టిగా చదువు."

చదివినా. విదేశీ విద్యార్థులకు రూల్స్. మూడో లైను: మంజూరైన లీవు గైర్హాజరు కిందికి రాదు.

అంటే ఆ పిల్లకు హాజరు ఏమీ తగ్గలేదు. నేను చేసిన మేలు అవసరమే లేదు. పదహారు సంతకాలూ ఆ కాగితం కిందనే తల వంచుకొని పెట్టినా, ఒక్కసారి తల ఎత్తింటే సరిపోయేది.

జరిగిందంతా నా చేత్తో, నా పేరుతో, నా సొంత సంతకంతో రాసిచ్చినా. వీసా గడువు ఇంక నాలుగు రోజులుందనంగా సెలామ్‌కి పొడిగింపు వచ్చింది. నేను ఎక్కువ వేసిన పదహారు రోజులూ మేడమ్ నా హాజరులో కొట్టేసింది. దాంతో ఆ విడత గడువు తప్పి నా థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోయింది. అదేం పెద్ద బాధ కాదు. సెలామ్ నాతో మాట్లాడలేదు, అదీ బాధ. ఎదురుపడితే పక్క దారిన పోయేది. రోజులు లెక్కపెట్టుకుంటా ఉంటిని. పదిహేడో రోజు పొద్దున కాఫీ గ్లాసు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"నీకు పదహారు రోజులు ఆబ్సెంట్ వేసినా. ఈ పొద్దు ప్రెజెంట్. తాగు" అనింది. తాగినా. ఏడుస్తా తాగినా, ఉప్పగా ఉండింది.

ఆమె డాక్టరేటు తీసుకొని వెళ్లిపోయేటప్పుడు తన థీసిస్ ఒకటి నాకిచ్చింది. మొదటి పేజీలో ఆ నడుం మీద చేతులు పెట్టుకున్న అక్షరాలు. నేను ఊరికే ఉండకుండా, "నీ సంతకమేనా?" అన్నా.

"నాదే" అనింది సెలామ్. "అందుకే శానా బాగా రాలేదు."

ఇప్పుడు నేను పులివెందులలో లెక్చరర్ని. హాజరు పిలుస్తా. జలుబు చేసిన గొంతు వినపడితే చాలు, పేరు మీద వేలు పెట్టి తలెత్తి చూస్తా. ఇంక అందరి ముందర ప్రమాణం చేస్తాండా, సాక్షులుగా ఉండండి: ఈ జన్మలో మరొకరి సంతకం పెట్టను. మొన్న కొరియర్ అతను వచ్చి, "పక్కింటి వాళ్లు లేరు మేడమ్, పార్సిలు తీసుకొని ఒక సంతకం పెట్టండి, మేలు చేసినవాళ్లవుతారు" అన్నాడు.

"అప్పా, నీకు దండం పెడ్తా" అని తలుపేసుకున్నా.