వంగమడి ఊడ్చిన కోడలు

ఆ రోజుల్లో కొత్త కోడలి గొప్పతనం చీపురుతోనే తేలుతుందని నాకు గట్టి నమ్మకం. వంట ఎవరైనా చేస్తారు. వాకిలి అద్దంలా ఊడ్చేది మాత్రం టెక్కలి పక్కన మా కన్నవారి ఊళ్లో నేనొక్కదాన్నే (అని మా అమ్మ అనేది, నేను నమ్మేదాన్ని). అలాంటి నేను ఉద్దానానికి కాపురానికి వచ్చిన వారానికి, మా అత్త తన కూతురి పురిటికని జలంత్రకోట వెళ్లింది. ఆవిడ అటు వెళ్లగానే నేను పెరట్లోకి దిగాను. వంగమడి నిండా పనసాకులు, జీడాకులు బెత్తెడు మందాన పడి ఉన్నాయి. పాపం, పెద్దావిడకు నడుం వంగదు కాబోలని జాలిపడి, ఒక్క ఆకు మిగలకుండా ఊడ్చి, పోగుపెట్టి కాల్చేశాను. ఇసుక తళతళలాడింది. నా ముఖమూ అంతే.

నాలుగు రోజులకల్లా వంగమొక్కలు తలలు వేలాడేశాయి. బిందెలకొద్దీ నీళ్లు మోసి పోస్తే, పోసింది పోసినట్టే ఇసుక తాగేసింది. చేపలమ్మి వస్తున్న పక్కింటి పిన్ని కంచె మీంచి చూసి, "ఓలమ్మో! ఆకులేటి సేసినావే? మీ అత్త కార్తీకం నుంచీ ఏరి పరిసింది. సలికాలంలో ఈ ఇసకలో తడి కాసేవి ఆ ఆకులే కదే!" అంది.

అత్త వచ్చేది మర్నాడే. ఆకులు కావాలని అడిగితే సంగతి బయటపడుతుంది. అందుకని తట్ట, చీపురు పట్టుకుని, "మీ వాకిలి ఊడుస్తాను పిన్నీ" అంటూ ఇల్లిల్లూ తిరిగాను. "కోడలంటే ఇదే!" అని ఊరంతా మెచ్చుకుంది (నేను తల వంచుకుని ఆకులే చూశాను). పొద్దు వాలేలోగా మడి కప్పేశాను.

అత్త వచ్చి, పెరటి మూలనున్న బూడిద చూసి, వంగి మడిలోంచి ఒక ఆకు తీసింది.

"ఇది మావిడాకు కదే. మనకి మావిడి సెట్టేదీ?"

"గాలికొచ్చుంటాది, అత్తా."

"మంచి గాలే. పదకొండు వాకిళ్లు ఊడిసిందంట! దారంతా అదే సెప్పినారు." ఇంక నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూర్చుండిపోయింది. "కాల్సీసినానని సెప్పొచ్చు కదే, గుంటా. నేనేటి మింగేత్తానా?"

సగం మొక్కలు బతికాయి. ఆ ఏడు తొలికాయలతో కూర వండి, ఆవిడే నాకు ముందు వడ్డించింది.

ఇప్పుడు నడుం వంగనిది నాకే. నెత్తిన తట్టతో, పట్టుబడనన్న ధీమాతో నడిచిన ఆ పిల్ల తలపుకొస్తే, అడిగితే ఆకులు ఊరికే ఇచ్చేవారే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు లెండి.