ముక్కల్లేని గింజలు

1983 ఫిబ్రవరి. హిందూపురం శివార్లలో, అప్పటికి రెండేళ్ల కిందటే మొదలైన ఒక ఫ్యాక్టరీలో నేను కెమిస్టుని. అంతకుముందు మా ఊరు పేరు చెబితే చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయల మండీలే గుర్తొచ్చేవి. తర్వాత నూనె మిల్లులొచ్చాయి, ఆ వెనకే పిండిమరలు, ప్యాకింగు షెడ్లు వచ్చాయి. గుడిబండ, అగళి నుంచి పొద్దున్నే వచ్చే బస్సుల్లో కాలు పెట్టే సందుండేది కాదు. మా ఫ్యాక్టరీలో వేరుశనగ గింజల్ని వేయించి పిండి కొట్టి, అందులో శనగపిండి, బెల్లంపొడి కలిపి చిన్నపిల్లల బాలవాడీలకు పంపేవాళ్లం. వేడినీళ్లు పోసి ఉండ చేస్తే చాలు, పిల్లలు తినేయొచ్చు.

నా పేరు షమీమ్. మా నాయనకు రైల్వే స్టేషను దారిలో కుట్టుమిషను. ఆ వీధి నుంచి బి.ఎస్సీ. చదివి తెల్లకోటు వేసుకున్న మొదటి ఆడపిల్లని నేనే. దాంతో నాకు కాస్త తలబిరుసు ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. నేను రిలీజ్ స్లిప్ మీద సంతకం పెట్టందే ఒక్క సంచి గేటు దాటేది కాదు. రిలీజ్ స్లిప్ అంటే ఈ సరుకు తినడానికి పనికొస్తుందని చెప్పే చీటీ. ప్రతి సంచికీ ఒకటి కుట్టేవాళ్లు.

మాకు గింజలు తెచ్చేవాళ్లలో పెనుకొండ నారాయణప్ప ఒకడు. ఆయనకక్కడ చిన్న డీకార్టికేటరు, అంటే కాయల్ని ఒలిచే మిషను, ఉండేది. జనవరిలో ఆయన తెచ్చిన రెండు లోడ్లు నేనే తిరగ్గొట్టాను. కారణం ముక్కలు. గింజ బద్దలైతే తొందరగా మక్కిన వాసన కొడుతుంది, అందుకని వందకు ఇన్ని ముక్కలు మించకూడదని మాకొక రూలుండేది.

"ఏమమ్మా, మీరెట్లా పిండే కొడతారు కదా. ముక్కలైతే ఏమి, గుండ్లైతే ఏమి?" అన్నాడు నారాయణప్ప.

"రూలు రూలే. ముక్కల్లేకుండా తెచ్చుకో. ఎట్లా తెస్తావో నాకు తెలీదు" అన్నాను.

ఫిబ్రవరిలో మూడో లోడు తెచ్చాడు. సంచి విప్పితే కళ్లు చెదిరాయి. ఒక్క ముక్క లేదు, గింజకు గింజ నిండుగా, ఎర్రగా ఉంది. తేమ చూశాను, సరిగ్గానే ఉంది. మిగిలింది అఫ్లాటాక్సిన్ పరీక్ష. అది వేరుశనగకు పట్టే ఒకరకం బూజు వదిలే విషం. వేయించినా, ఉడకేసినా పోదు. తిన్నవాడు ఆ రోజే పడిపోడు, నెలల తరబడి తింటే కాలేయాన్ని తినేస్తుంది. చిక్కేమిటంటే అది సరుకంతా సమంగా ఉండదు. ఒక సంచి శుభ్రంగా ఉంటుంది, పక్క సంచిలో గుప్పెడు గింజలు మొత్తం లాటును పాడుచేస్తాయి. అందుకే లారీలో పైన, మధ్యన, అడుగున అన్ని వరసల నుంచీ శాంపిల్ తీయాలి.

ఆ రోజు నేను తీయలేదు. హమాలీలు దించడానికి తొందరపడుతున్నారు, గింజలేమో ముచ్చటగా ఉన్నాయి. లారీ తలుపు దగ్గరున్న నాలుగు సంచుల్లోంచి మాత్రం తీశాను. పరీక్షలో ఏమీ కనబడలేదు. "ఇట్లా తేవాలి సరుకు" అని నారాయణప్పను మెచ్చుకుని మరీ సంతకం పెట్టాను. తర్వాత ఆ పరీక్షను నమ్మే పిండి సంచుల చీటీల మీదా పెట్టాను.

వారం తర్వాత ఒక బుధవారం, ఆ లాటులో సగం పిండి అయి పొద్దున ఏడింటికి ధర్మవరం లారీ ఎక్కింది. మిగతా సగం ఇంకా గింజలేరే బల్లల మీదే ఉంది. ఎనిమిదింటికి ఓబులమ్మ ల్యాబు గుమ్మంలోకొచ్చి నిలబడింది. గింజలేరే ఆడవాళ్లలో పెద్దది, గుడిబండ మనిషి. కొంగులో గుప్పెడు గింజలు కట్టుకొచ్చింది.

"కెమిస్టమ్మా, ఈ గింజలు చేదుండాయి. నాలుగు నోట్లో ఏసుకుంటి. నీళ్లు పుక్కిలించినా పోలేదు."

"పనిలో తినగూడదని బోర్డు పెట్టినాం కదా ఓబులమ్మా."

"నాకు చదువొస్తే ఈడ గింజలేల ఏరుతా? ఈ లాటులో పొట్టు కింద రంగు మారినవి శానా వస్తాండాయి. చూడు."

పొట్టు నలిపి చూశాను. లోపల పసుపూ ఆకుపచ్చా కలిసిన దుమ్ములాంటి బూజు. లారీ పోయి అప్పటికే గంటయింది.

బల్లల మీది సరుకు ఆపించి, ధర్మవరం పోయిన పిండి నుంచి దాచిన శాంపిల్ తీశాను. ప్రతి లాటులో కొంచెం దాచిపెట్టడం మా పద్ధతి. పిండిని క్లోరోఫాంలో నానబెట్టి, వడగట్టి, ఆ రసం చుక్కని టీఎల్‌సీ ప్లేటు మీద పెట్టాలి. అది తెల్లటి పొడి పూసిన గాజు పలక. చుక్క దాని మీద మెల్లగా పైకి పాకుతుంది. తర్వాత చీకటిగదిలో అల్ట్రావయొలెట్ దీపం కింద చూస్తే, విషం ఉన్నచోట నీలంగా వెలుగుతుంది. తొందరపడితే ప్లేటు పాడవుతుంది, ఆగితే లారీ చేరిపోతుంది. ఆ మూడు గంటలు నేను కూర్చోలేదు. పదకొండున్నరకు దీపం వేశాను. పోల్చుకోవడానికి పక్కనే పెట్టిన, తెలిసిన మోతాదు విషమున్న చుక్క కంటే మా పిండి చుక్కే ఎక్కువ వెలుగుతోంది.

మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన ప్లేటు చూడలేదు, నా మొహం చూశాడు.

"రేపు ఇంకోసారి టెస్టు చేయండి. ఒక్క టెస్టును పట్టుకుని లోడు వెనక్కి పిలిస్తే మన పేరేమవుతుంది?"

"ఈ రోజు సాయంత్రమే పిల్లలకు పెడతారు సార్."

"నిన్నటిదాకా బాగుందని సంతకం పెట్టింది మీరే కదా."

ధర్మవరానికి ట్రంక్ కాల్ బుక్ చేశాను. అరగంట కూర్చున్నా లైను కలవలేదు. జీపు అడిగితే మేనేజరు ఇవ్వనన్నాడు. తెల్లకోటుతోనే బస్టాండుకు పరుగెత్తి ధర్మవరం బస్సెక్కాను.

ఆ బస్సు చెయ్యెత్తిన ప్రతివాడి కోసం ఆగింది. పెనుకొండలో డ్రైవరు టీ తాగడానికి దిగాడు. కిందికి దిగి "అప్పా, పిల్లల ప్రాణాల మీదికొచ్చింది, పోనీ" అని బతిమాలాను. ఆయన నన్నూ నా కోటునూ చూసి, నర్సుననుకున్నాడేమో, గ్లాసు పక్కన పెట్టి వచ్చేశాడు. నేను తప్పు దిద్దలేదు.

మూడు దాటాక ధర్మవరంలో దిగాను. లారీ ముందు బాలవాడీల సరుకు దించే స్టోరుకు పోయింది. అక్కడివాళ్లు సంచులు దించుకున్నారు, ఒక్కటి మాత్రం అప్పటికే మగ్గాల వీధిలోని బాలవాడీకి పంపారు. మిగతావి ముట్టుకోవద్దని స్టోరు ఆయనకు కాగితం మీద రాసిచ్చి, ఆ వీధికి ఉరికాను. ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. బాలవాడీలో పాతికమంది పిల్లలు చాప మీద వరసగా కూర్చున్నారు. టీచరు సుశీలమ్మ పళ్లెంలో ఉండలు పెట్టుకుని పంచుతోంది.

"ఆపమ్మా! పెట్టొద్దు!" అని గుమ్మంలోంచే అరిచాను.

"ఎవురు నువ్వు? ఏమయింది?"

"హిందూపురం ఫ్యాక్టరీ కెమిస్టుని. ఆ పిండి బాగాలేదు. పారేయాల."

ఆమె సంచికి కుట్టిన చీటీ తెంపి తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "బాగుందని ఈడ రాసుండాదే. ఈ సంతకం ఎవురిది?"

"నాదే. తప్పు సంతకం పెట్టినా."

ఆ మాట రెండోసారి అనాల్సి వచ్చింది, మొదటిసారి ఆమెకు వినబడలేదు. అప్పటికే నలుగురు పిల్లలు తినేశారు. ఒకడు ఇంకా వేళ్లు నాకుతున్నాడు. సుశీలమ్మ పళ్లెం కింద పెట్టింది.

"ఈ నలుగురికీ ఏమన్నా అయితాదా? నిజం చెప్పు."

"ఒక్క ఉండతో ఏమీ కాదు. రోజూ పెట్టుంటే మాత్రం అయ్యేది."

ఆమె పిల్లల చేతుల్లోంచి ఒక్కొక్క ఉండా తీసుకుంది. తీసుకుంటుంటే వాళ్లు ఏడ్చారు. మధ్యాన్నం నుంచి దాని కోసమే కూర్చున్నారు మరి. సందు చివర అంగట్లో బొరుగులు, బెల్లం కొనుక్కొచ్చి పంచాను. నేను పంచుతుంటే ఒక పాప "ఉండ గావాల" అని నా కోటు పట్టుకు లాగింది. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది అక్కడే.

మర్నాడు పొద్దున్నే పెనుకొండ పోయాను. నారాయణప్పను కడిగేద్దామనే పోయాను. దారంతా ఏమేమి తిట్టాలో కూర్చుకున్నాను. ఆయన నన్ను చూసి సంతోషంగా కుర్చీ వేశాడు, లోడు గురించి మెచ్చుకోడానికే వచ్చాననుకున్నాడు పాపం. విషయం చెప్పాక షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ కాయల కుప్ప, దాని మీద తడి గోతాలు.

"ఎండు కాయ మిషన్లో ఏస్తే గింజ పగుల్తాది. నీళ్లు చల్లి, గోతాలు కప్పి ఒక రాత్రి పెడితే కాయ తొక్క మెత్తబడతాది. అప్పుడు గుండు గింజ వస్తాది. విత్తనానికి మా అవ్వ కాలం నుంచీ ఇట్లే ఒలుస్తాం."

"ఒక రాత్రికే ఇంత బూజు పట్టదు నారాయణప్పా."

"ఆ వారం కరెంటు మూడు దినాలు లేదమ్మా. మిషను నిలబడింది. కుప్ప అట్లే తడిగా ఉండె. కరెంటొచ్చినాక ఒలిచి, బాగా ఎండబెట్టే తెచ్చినాం."

అందుకే తేమ సరిగ్గా వచ్చింది. నీళ్లు ఆరిపోయాయి, విషం మిగిలింది. విత్తనమైతే ఒలిచిన మర్నాడే మట్టిలో పడుతుంది, ఏ భయమూ లేదు. అదే పద్ధతి ఫ్యాక్టరీ సంచిలోకి వచ్చేసరికి ఇంత పని చేసింది.

"విత్తనాలకు చేసే పని తినే గింజలకు ఏల చేసినావు?" అని కోపంగానే అడిగాను.

ఆయన గొంతు పెంచలేదు. "ముక్కల్లేకుండా తెమ్మంటివి కదమ్మా. రెండు లోడ్లు తిప్పి పంపిస్తివి. మాకు తెలిసింది ఇదొక్కటే."

కూర్చుకున్న తిట్లు ఒక్కటీ బయటికి రాలేదు. ఎట్లా తెస్తావో నాకు తెలీదు అన్న నోరు నాదే. తిలాపాపం తలా పిడికెడు అంటారు కానీ, అందులో పెద్ద పిడికెడు నాదే.

ఆ సాయంత్రం రిపోర్టు రాశాను. కారణం అన్నచోట కరెంటు, కాయలు తడపడం రెండూ రాసి, వాటికి ముందు శాంపిల్ తప్పుగా తీసింది నేనని, ముక్కల రూలు పెట్టి, ముక్కల్లేకుండా ఎట్లా తెస్తారో అడగనిది మేమని రాశాను. మేనేజరు ఆ వాక్యం కొట్టేయమన్నాడు. కొట్టేయలేదు. రెండు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. కానీ పిండికొట్టే గింజలకు ముక్కల రూలు సడలించారు, తడిపి ఒలిచిన సరుకు వద్దని కొత్త రూలు రాశారు. నారాయణప్ప దగ్గర గింజలు కొనడం మానలేదు. నేను మాననివ్వలేదు.

ఆ తర్వాత పాతికేళ్లు అదే పని చేశాను. మంచి సరుకు వచ్చినప్పుడే నాకు ఎక్కువ భయం వేసేది. శాంపిల్ తీయకముందే, ఇంత బాగా ఎట్లా వచ్చిందప్పా అని అడిగేదాన్ని. ఆ జవాబు పూర్తిగా విన్నాకే పెన్ను తీసేదాన్ని.