మూడోసారి అన్నదెవరు?

దయ్యాలను నేను నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. పందెం కట్టి ఆదోని శ్మశానంలో కూర్చుని ఉగ్గాని బజ్జీ తిన్నవాణ్ణి. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

పోయిన దసరా సెలవుల్లో మా అబ్బాయి తన ఇద్దరు పిల్లలనూ నన్నూ కారులో గండికోట చూపించడానికి తీసుకుపోయాడు. మిట్టమధ్యాహ్నం లోయ అంచుకు కాస్త ఇవతల, బండ నీడన చిత్రాన్నం డబ్బా విప్పాను. మనవడు వాళ్ల నాన్నతో నీళ్ల సీసాల కోసం కారు దగ్గరికి పోయాడు. మనవరాలు చిన్నికి ఎనిమిదేళ్లు. అన్నం ముట్టదు, మాటిమాటికీ అంచు వైపే పోతుంది.

"తింటావా మే, లేకుంటే ఈ లోయకు నిన్ను అమ్మేసి పోతాండా సూడు" అన్నాను.

"అమ్ముకో పో తాతా. నిన్నైతే ఊరికే ఇచ్చినా ఎవురూ తీసుకోరు!"

ఆ మాట తగిలింది. ఆదోని పత్తి యార్డులో ముప్పై ఏళ్లు వేలం కేకలు వేసిన గొంతు నాది. పిల్లను ముందు నిలబెట్టుకుని వేలంపాట ఎత్తుకున్నాను.

"ఆదోని సరుకు, మొండి సరుకు! ఒకటోసారి!"

లోయ తిరిగి పలికింది. "రెండోసారి!" అదీ తిరిగి వచ్చింది. ఆ కేకకు అవతలి గట్టున మేకలన్నీ లేచి నిలబడ్డాయి. చిన్ని జడిసి, గబుక్కున ఒక ముద్ద నోట్లో కుక్కుకుంది.

మూడోది నేను అనలేదు. యార్డులో ఆ మాట పడిందంటే సరుకు పోయినట్టే. ఆటకైనా నోరు రాలేదు.

అవతలి గోడ నుంచి వచ్చింది: "మూడోసారి."

గొంతు నాది కాదు. తొందర లేని గొంతు, బేరం కుదిరిన మనిషిది. పిల్ల అల్లరేమోనని చూశాను. దాని బుగ్గల నిండా అన్నం. మింగి అడిగింది, "తాతా, ఎవురు నన్ను కొనింది?"

యార్డులో ఇంకో పద్ధతి ఉంది. మూడోసారి పలికినా, సరుకు తెచ్చిన రైతు ఒప్పుకోకపోతే ఆ పాట చెల్లదు. పులిలా గర్జించాను: "రైతు ఒప్పుకోలా! పాట రద్దు!"

ఒక్క అక్షరం తిరిగి రాలేదు.

ఇక ఉన్నది చెప్తాను. బజ్జీ తిన్నది పట్టపగలు, శ్మశానం గేటు బయట. అవతలి గట్టున అసలు మేకలే లేవు. ముప్పై ఏళ్లు నేను మోసింది పత్తి మూటలు. వేలం కేకలు వేసేవాడు రాని రోజుల్లో మాత్రమే ఆ కేకలు నేను వేశాను. గర్జన కూడా అబద్ధం. పిల్ల గౌను పిడికిట పట్టుకుని బొంగురుగా అన్న మాట అది.

అంత పీలగా అంటే తిరిగి రాదంటారు. నేనూ అదే అనుకున్నాను. పిల్లను కారెక్కించి, ఒక్కణ్ణే వెనక్కి వచ్చి, రొమ్ము పగిలేలా మళ్లీ అరిచాను. కారు దగ్గరున్న మా అబ్బాయికి వినబడింది. లోయ మాత్రం పలకలేదు.

వాడు పరుగున వచ్చి, "ఏమైంది నాయినా, ఎవురితో కొట్లాడతాండావు?" అని నవ్వి, లోయలోకి "ఓయ్" అన్నాడు. రెండుసార్లు తిరిగి వచ్చింది.

అవతల ఎవరో ఆకతాయి ఉన్నాడంటారా? ఉండనీండి. నా రద్దు మాట తిరిగి రాకుండా ఏ ఆకతాయి ఆపాడో చెప్పండి. నాకైతే ఇప్పటికీ తెలియదు.

చిన్ని రోజూ బడి బస్సు ఎక్కుతుంటే నేను వాకిట్లో నిలబడి, "రైతు ఒప్పుకోలా!" అని కేక వేస్తాను. అది కిటికీలోంచి చెయ్యి ఊపి, "రద్దు!" అంటుంది. బస్సులో పిల్లలంతా నవ్వుతారు.

నవ్వనీ. కొన్నవాడెవడో, వాడు వినాలి.